మేకుకు తగిలించిన పెట్రోలు మూత

కార్లు బాగుచేసే పెనుకొండ మేస్త్రీ పోయాడన్న కబురు నాకు చెప్పింది మా డ్రైవరు ఓబులేసు. ధర్మవరంలో పొద్దున అంగడి తలుపులు తీస్తుంటే ఫోన్ చేశాడు. "అన్నా, మేస్త్రీ నిద్దర్లోనే పోయినాడంట" అన్నాడు. అలాంటి మాట వింటే ఎవరైనా అయ్యో అంటారు. నేను మాత్రం నీకెవరు చెప్పారని అడిగాను. టీ అంగడాయన అన్నాడు. ఆయనకెవరు చెప్పారన్నాను. తెలీదన్నాడు. ఫోన్ పెట్టేసి, మేస్త్రీ షెడ్డు పక్కన పంక్చర్లు వేసే అతనికి చేశాను. అతనూ అదే చెప్పాడు. అంతటితో ఆగక మేస్త్రీ నంబరుకే చేశాను. కొడుకు ఎత్తి, "నాయన లేడు" అన్నాడు. అప్పుడు నమ్మాను. నమ్మాక చీరల మూట మీదే కూలబడ్డాను.

చదివేవాళ్ళకు నా మీద మంచి అభిప్రాయం కలగదని తెలుసు. కానీ మేస్త్రీ ఉంటే తప్పు పట్టేవాడు కాదు. మూడు చోట్ల చూడకుండా ఆయన కూడా ఏదీ నమ్మేవాడు కాదు. ఆయన అనుమానం ఆయనకు నలభై ఏళ్ళు అన్నం పెట్టింది. నాది ఇంకో మనిషి నోటి దగ్గర అన్నం తీసేయబోయింది. తీసేయకుండా ఆపింది ఆయనే. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది పట్టుచీరల వ్యాపారం. జరీని గోటితో గీకి చూడడం, పట్టుపోగును కాల్చి వాసన పట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఆ విద్య అంగడిలో వదిలేసి ఇంటికి రావాలి, నేను రాను. తాగే నీళ్ళ క్యాను వచ్చినా మూత సీలు పరీక్షగా చూసి గానీ లోపలికి రానివ్వను. పెళ్ళిచూపుల్లో తన పళ్ళు లెక్కపెట్టకుండా ఎలా వదిలేశానో ఇప్పటికీ అర్థం కాదని నా భార్య వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

మేస్త్రీది మడకశిర పక్క పల్లె. పెనుకొండలో హైవే దిగి ఊళ్ళోకి తిరిగే చోట రేకుల షెడ్డు వేసుకున్నాడు. బోర్డు లేదు. చెవి మీద పెన్సిలు పెట్టుకునే వడ్రంగుల్లాగా ఆయన సుద్దముక్క పెట్టుకునేవాడు. బండిలో ఏ సామాను చూసి బాగుందని తేల్చినా, దాని మీద వేలెడంత సుద్దగీత గీసేవాడు. "దీన్ని ఇడిచిపెట్టినా. ఇంక దీని జోలికి పోవద్దు" అని ఎవరికో చెబుతున్నట్టు అనుకునేవాడు. గీత పడని సామాను ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, టీ చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చునేవాడు. చెయ్యి వేసేవాడు కాదు. నాలాంటి తొందరవాళ్ళకు ఒళ్ళు మండేది.

మా కారు పాతది. హిందూపురంలో ఒక డాక్టరు వాడి అమ్మేసిన పెట్రోలు బండి. కొనేముందు మేస్త్రీకి చూపించాను. ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని చుట్టూ తిరిగి, ఒళ్ళంతా సుద్దగీతలు గీసి, ముసలిదే గానీ అబద్ధాలు చెప్పదు, తీసుకోమన్నాడు. నేను సరేనని తల ఊపి, మర్నాడు ఆయనకు తెలియకుండా హిందూపురంలో ఇంకో మెకానిక్కుకు చూపించి, ఆ తర్వాతే కొన్నాను. తర్వాత ఒకసారి పోయినప్పుడు టీ గ్లాసు అందిస్తూ, "రెండో ఆయన ఏమన్నాడప్పా?" అని అడిగాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన నవ్వి, తానైనా రెండో మనిషిని అడిగేవాణ్ణేనన్నాడు. నన్ను నన్నుగా ఒప్పుకున్న మనుషులు తక్కువ. అందులో ఆయనొకడు.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ళ కిందట, నడి ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. ఓబులేసు అప్పటికి ఎనిమిదేళ్ళుగా మా దగ్గర ఉన్నాడు. నల్లమాడ దగ్గర పల్లె వాడిది. శెనక్కాయ చేను ఎండిపోతే స్టీరింగు పట్టుకుని ధర్మవరం వచ్చాడు. వారానికి రెండుసార్లు వాడొక్కడే డిక్కీలో చీరల మూటలు వేసుకుని, పెనుకొండ మీదుగా హిందూపురం పోయి అంగళ్ళలో ఇచ్చి వచ్చేవాడు.

ఒకరోజు హిందూపురం అంగడి నుంచి ఒక పెళ్ళి చీర తిరిగొచ్చింది. మడత విప్పగానే పెట్రోలు వాసన కొట్టిందట. ఈ చీర కట్టి మా పిల్లను హోమం ముందర కూర్చోబెట్టమంటారా అని పెళ్ళికూతురి తల్లి నలుగురిలో అడిగిందట. నేను చీరను ముక్కుకు ఆనించుకున్నాను. నిజమే.

పోయి డిక్కీ తెరిచాను. మూలన ఒక ఖాళీ క్యాను కనబడింది. ఇదేమిటని ఓబులేసును అడిగితే, రేడియేటరుకు నీళ్ళు పోసేదని చెప్పాడు. క్యాను మూత తీసి వాసన చూశాను. పెట్రోలే. డిక్కీలో అన్నీ ఆ వాసనే కొడుతున్నాయన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. వచ్చినా పక్కకు తోసేసేవాణ్ణేమో. ఎనిమిదేళ్ళు నమ్మినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. దొంగ దొరికాడు, రుజువు కావాలి, అంతే.

రుజువు కోసం నాకు తెలిసిన పద్ధతే పట్టుకున్నాను. ట్యాంకు గొంతు దాకా నింపించడం. బంకులో గన్ను టక్కుమని ఆగినా నేను ఆపనిచ్చేవాణ్ణి కాదు. కారును పక్కనుంచి ఊపించి, మళ్ళీ పోయించి, మూతి దగ్గర పెట్రోలు కంటికి కనబడేదాకా వదిలేవాణ్ణి కాదు. వాడు హిందూపురం పోయి వచ్చాక మళ్ళీ అట్లాగే నింపిస్తే, ఎంత ఖర్చయిందో ఎంత మాయమైందో తెలిసిపోతుంది. నిజంగానే మాయమవుతోంది. ప్రతిసారీ పోయినసారి కంటే ఎక్కువ. కారులో వాసన కూడా పెరుగుతోంది. పెరిగేకొద్దీ నేను ఇంకా గట్టిగా ఊపించి పోయించాను. ఓబులేసు బంకులో పక్కన నిలబడి చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. వాడు ఏమీ అనకపోవడం కూడా నాకు రుజువులాగే కనబడింది.

హిందూపురంలో తాళం ఉన్న పెట్రోలు ట్యాంకు మూత కొన్నాను. మేస్త్రీ చేత దాన్ని వేయించి, ఇంకో డ్రైవరు దొరకగానే వీణ్ణి పంపించేద్దామని నిశ్చయించుకున్నాను. పెట్రోలు దొంగ అన్న మాట పడితే ధర్మవరంలో ఇంకెవరూ వాడి చేతికి బండి తాళం ఇవ్వరు. అది నాకు తెలుసు. తెలిసే నిశ్చయించుకున్నాను. మూతను డిక్కీలో చీరల మూట కింద దాచి, ఓబులేసు చేతనే కారు నడిపించుకుని పెనుకొండ పోయాను.

వాణ్ణి టీకి పంపించి మేస్త్రీకి సంగతంతా చెప్పాను. ఆయన నేలకేసి చూస్తూ విన్నాడు. వాడు తీసేటప్పుడు చూశావా అని అడిగాడు. వాసన చూశానన్నాను.

"వాసన అందరికీ వస్తాదప్పా. పొద్దున్నుంచీ నా ముక్కు పెట్రోల్లోనే ఉండాది. అట్లని నేను దొంగనా?"

నేను మూత చేతికిచ్చాను. ఆయన ప్లాస్టిక్ కవరు విప్పలేదు. అటూ ఇటూ తిప్పి చూసి గోడకున్న మేకుకు తగిలించాడు. ఎల్లుండి రమ్మన్నాడు. అంతదాకా బంకు మొహం చూడొద్దన్నాడు. "మీ ఇంట్లో కుంకుడుకాయలు ఉంటాయి గదా, నానేసి నురుగు తీసుకోని రా. నాయి అయితే నువ్వు నమ్మవు" అన్నాడు.

మేం బయలుదేరబోతుంటే మేస్త్రీ, ఓబులేసు కన్నడంలో ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. మేస్త్రీది కర్ణాటక సరిహద్దు, ఓబులేసు హిందూపురం తిరిగి తిరిగి నేర్చుకున్నాడు, ఎప్పుడూ మాట్లాడుకునేదే. ఆ రోజు మాత్రం నేను చెవులు రిక్కించాను. అర్థమైన ఒకటి రెండు మాటలను బట్టి వాన గురించి అని తెలిసింది. వాన పేరు పెట్టుకుని నా గురించే అనుకుంటున్నారని తేల్చుకున్నాను. దారిపొడుగునా మేస్త్రీని కూడా అనుమానించాను. డ్రైవర్లూ మెకానిక్కులూ ఒకటే జట్టు, వీణ్ణి కాపాడడానికి లేని జబ్బు ఏదో చూపిస్తాడనుకున్నాను.

ఆ కుంకుడుకాయ నురుగు సీసాను నేను ఎవరికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయాను. పట్టుచీరలు ఉతకడానికి మా ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. సబ్బు బుడగ తొందరగా చిట్లిపోతుందనీ, కుంకుడు నురుగు నిలుస్తుందనీ మేస్త్రీ అన్నాడు. ఇంజను చల్లారేదాకా కూర్చోబెట్టి, డిక్కీ లోపలి పక్క అట్ట విప్పాడు. పెట్రోలు పోసే లావు గొట్టమూ, దాని పక్కన ఆవిరి పోయే సన్న రబ్బరు పైపూ బయటపడ్డాయి. బండి ముందు పక్క ఇంజను దగ్గరున్న ఒక నల్ల డబ్బా నుంచి ట్యాంకుకు వచ్చే పైపు ఊడదీసి, దానికి పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం తగిలించాడు. అది ఓబులేసు చేతికిచ్చి ఊదమన్నాడు. చూసే పని నాకు పెట్టాడు. తాను ఊదినా తాను చూసినా నేను కనికట్టు అంటానని మొహం మీదే చెప్పాడు.

ఓబులేసు నోరు పెట్టి ఊదాడు. బుగ్గలు రాతిగుండ్లయ్యాయి. మెడనరాలు లేచాయి. "మెల్లగప్పా, ఊదేదే, పీల్చేది కాదు. గట్టిగ ఊదితే లేనిచోట పగుల్తాది" అని మేస్త్రీ కసిరాడు. వాడు తగ్గించాడు. రెండు నిమిషాలకు మళ్ళీ అదే ఊదుడు. మేస్త్రీ మళ్ళీ కసిరాడు.

కుంచెతో ఒక్కొక్కచోట నురుగు పూస్తూ మేస్త్రీ ముందుకు జరిగాడు. మూత చుట్టూ పూశాడు. కదలిక లేదు. సుద్దగీత. గొట్టం అతుకు దగ్గర పూశాడు. లేదు. సుద్దగీత. కింది అతుకు, అదీ విడుదలే. నేను తెల్లచొక్కాతో డిక్కీలో బోర్లాపడుకుని చూస్తున్నాను. నాకు లోపల ధైర్యంగానే ఉంది. గీతలన్నీ పడిపోతే ఇక మిగిలేది ఓబులేసే.

సన్న పైపు అడుగు పక్కన, మామూలుగా కంటికి కనబడని చోట, నురుగులో జొన్నగింజంత బుడగ లేచింది. శెనగగింజంత అయింది. ఉసిరికాయంత ఉబ్బి చిట్లింది. అదే చోట ఇంకోటి లేచింది.

నురుగు కదా, బుడగలు వస్తాయి అన్నాను నేను. అంత దూరం వచ్చాక కూడా అన్నాను. మేస్త్రీ కోప్పడలేదు. గుడ్డతో తుడిచి కొత్తగా పూసి, ఓబులేసును ఊదొద్దన్నాడు. నురుగు కదల్లేదు. ఊదమన్నాడు. బుడగ లేచింది. ఆపమన్నాడు. ఆగింది. అలా మూడుసార్లు చూపించి, ఇంకోసారి కావాలా అన్నట్టు నా వైపు చూశాడు. నేను వద్దన్నాను. పైపు అడుగున వెంట్రుకంత పగులు. ఎండకు ట్యాంకు వేడెక్కినప్పుడల్లా ఆవిరి అక్కణ్ణుంచి తప్పించుకుని నేరుగా చీరల మూటల్లోకి పోతోందట.

అయితే నేను ఇంకో మాట అన్నాను. ఆవిరికే అంత పెట్రోలు పోతుందా అని. మంచి ప్రశ్నే అని ఒప్పుకుని, ఆయన పోయి ఆ నల్ల డబ్బా విప్పి తెచ్చాడు. లోపలంతా బొగ్గు ఉంటుందట. ట్యాంకులో లేచిన ఆవిరిని ఆ బొగ్గు పట్టి ఉంచుకుంటే, బండి నడిచేటప్పుడు ఇంజను పీల్చుకుంటుందట. బొగ్గు డబ్బా అంటే తేలిగ్గా ఉండాలి. నా చేతిలో పెట్టాడు. నీళ్ళ చెంబంత బరువుంది. వంచితే పెట్రోలు కారింది.

"దీనికి ఆవిరి తాగేది తెలుసు గానీ పెట్రోలు తాగేది తెలీదు. గొంతుదాకా నింపితే ఎక్కువైన పెట్రోలు దీంట్లోకి పొంగి దండగైపోతాది. ట్యాంకు గొంతుదాకా పోయించేది ఎవురు?"

ఓబులేసు గొట్టం చుట్ట చుడుతూ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఆ ఒక్క మాట వాడు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"నేనే" అన్నాను.

ఎందుకని మేస్త్రీ అడగలేదు. ఎందుకో ఆయనకు తెలుసు. ఓబులేసు వినేలాగా, "బంకోళ్ళ మీద అనుమానమేమోలే. అందరూ అట్లనే పోయిస్తారు" అన్నాడు. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే. అది నా కోసం ఆడాడు.

పైపు మార్చి, డబ్బా మార్చడానికి రెండు రోజులు పట్టింది. కారు తెచ్చుకునేటప్పుడు ఓబులేసు లేనిది చూసి నాతో ఒక మాట చెప్పాడు. "అనుమానం తప్పు కాదప్పా. సగంలో నిలబెట్టేదే తప్పు. తిరగనీ, నీ దగ్గరకు వచ్చేదాకా తిరగనీ. అప్పుడు అది పని చేసినట్ల" అన్నాడు. పెట్రోలు మూత సంగతి నేను ఎత్తలేదు. ఆయన కూడా ఎత్తలేదు.

నేను మారిపోయానని చెప్పను, మీరూ నమ్మొద్దు. నీళ్ళ క్యాను సీలు ఇప్పటికీ చూస్తాను. బంకులో గన్ను టక్కుమంటే మాత్రం చాలంటాను. ఓబులేసు కొలువు నిలిచింది. వాడి కూతుర్ని హిందూపురంలో కాలేజీలో చేర్పించాడు. ఆ రోజు నేను ఏం చేయబోయానో వాడికి తెలియదన్నది నాకు పెద్ద ఊరటగా ఉండేది. ఒక్కోసారి మేస్త్రీ చెప్పేసి ఉంటాడా అన్న పురుగు తొలిచేది. షెడ్డుకు పోయినప్పుడల్లా ఓరగా గోడ వైపు చూసేవాణ్ణి. మూత మేకుకే ఉండేది. ఈమధ్య ఒకసారి, నవ్వుతున్నట్టు, దాన్ని ఎవరికైనా ఇచ్చేయరాదా అన్నాను. "ఉండనీలేప్పా. నాకు గుర్తుకుండాల" అన్నాడు. ఏం గుర్తుండాలో చెప్పలేదు. నేను అడగలేదు. అదే ఆఖరి మాటవుతుందని అనుకోలేదు.

మేస్త్రీని వాళ్ళ ఊళ్ళో చేను గట్టున పూడ్చిపెట్టారు. మడకశిర, హిందూపురం, పెనుకొండ నుంచి డ్రైవర్లు చాలామంది వచ్చారు. ఆరడుగుల లారీ డ్రైవరొకడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. ఆయన కుడిచెవి వైపే చూస్తూ నిలబడ్డాను. స్నానం చేయించారు కదా, అక్కడ సుద్ద మరక లేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను చెప్పకుండానే ఓబులేసు పెనుకొండలో కారు షెడ్డు ముందు ఆపాడు. వచ్చినవాళ్ళు చూసిపోవడానికి పంక్చరు అతను తలుపు తీసిపెట్టాడు. ముక్కాలిపీట ఉంది. బోర్లించిన టీ గ్లాసు ఉంది. కిటికీ అంచున సుద్దముక్కలు. మేకుకు ఆ మూత, విప్పని కవరులోనే. కవరు మీద నల్లటి గ్రీసు బొటనవేలి ముద్ర ఒకటి ఎండిపోయి ఉంది. నేను చూడనట్టు పక్కకు తిరిగాను.

"అది మన బండికి తెచ్చిందే గదన్నా" అన్నాడు ఓబులేసు.

మేస్త్రీ చెప్పాడా అని అడిగాను. అంత దుఃఖంలోనూ నాకు ముందు అదే అనుమానం వచ్చింది, చూడండి.

"మేస్త్రీ ఒకరి మాట ఇంకొకరికి చెప్పే మనిషేనా? ఆ పొద్దు మూట సర్దేటప్పుడు నేనే చూసినా. మూట కింద ఉండె."

"అయితే ఊదేటప్పుడు నీకు తెలుసా?"

"తెలుసన్నా. అందుకే అంత గట్టిగ ఊదినా."

వాడి గొంతులో కోపం లేదు. నాలుగేళ్ళుగా వాడి పక్క సీట్లో కూర్చుని తిరుగుతున్నాను. ఎన్నిసార్లు నిద్రపోయానో లెక్కలేదు. తప్పు చేశాను ఓబులేసూ అన్నాను. ఆ మాట ఆ రోజే, ఈ షెడ్డులోనే, మేస్త్రీ వింటుండగా అనాల్సింది. వాడు భుజం మీద తువ్వాలు తీసి, మేకు నుంచి మూత దించి, కవరు మీద దుమ్ము తుడిచాడు. వేలిముద్ర ఉన్న చోటు మాత్రం తుడవకుండా వదిలేశాడు. నా చేతికిస్తాడనుకున్నాను. మళ్ళీ అదే మేకుకు తగిలించి, "ఎండ ఎక్కుతాంది, పోదాం పాన్నా" అన్నాడు.

వాడు కారు తిప్పుతుంటే అద్దంలో షెడ్డు కనబడింది. గోడ మీద ఆ మూత ఇంకా అటూ ఇటూ ఊగుతోంది.